“ఏమీ లేదులే” యను మాట

గత మాసమున లాలాగూడనుండి సోదరి యొకతె జాబు వ్రాసినది. ఆమె తండ్రిగారికి 74 ఏండ్లు. రైలు పెట్టెలు బాగుచేయు కార్ఖానాలో 36 ఏండ్లు పనిచేసి యిప్పుడు పింఛను పుచ్చుకొనుచున్నారు. వారు టెలివిజను పెట్టినచో వీథి చివరి యింటివారికి గూడ వార్తలు తెలియుచున్నవట. పిలిచిన పలుకరు, పలికినను అడిగిన దొకటి, చెప్పున దొకటి. వైద్యునికి చూపింపుద మన్నచో “నా చెవుల కేమి? మీరందఱు నోటిలో గొణుగుకొనుచు నాకు చెవుడనుచున్నారు” అని కోపపడుదురట. “అక్కా, వీరిని ఎట్లు ఒప్పింతును?” అని యా సోదరి ప్రశ్న.

ఇట్టి ప్రశ్నలకు నాలుగు పంక్తులలో సమాధానము చెప్పుట నా వాడుక. ఈ జాబునకు మాత్రము అట్లు చేయలేకపోతిని. రెండేండ్ల క్రిందట ఈ తగవే మా యింటను జరిగినది. అందులో తప్పు చాలవఱకు నాది.

ముందుగా ఆ పెద్దమనిషి పక్షమున ఒక మాట చెప్పవలెను. “మీరు గొణుగుచున్నారు” అని వారనుట అబద్ధము కాదు, మొండితనమును కాదు. మన మాట వారికి నిజముగా అట్లే చేరుచున్నది. చెవి లోపల నత్తగుల్లవలె చుట్టలు తిరిగిన చిన్న గూడు కలదు. అందులో పుట్టుకతోనే సుమారు 15,000 రోమకణము లుండును. శబ్దము తగిలినప్పుడు అవి కదలి నరమునకు వార్త నందించును. సన్నని ధ్వనులను పట్టు కణములు గూటి వాకిటనే యున్నవి; మొట్టమొదట అరిగిపోవునవి అవియే. పోయినవి మఱల మొలవవు. మోటు ధ్వనులను పట్టునవి లోపలి చుట్టలో నుండుటచే చాలకాలము నిలుచును. మన మాటలో అచ్చులు మోటు ధ్వనులు. కచటతపలు, శషసలు సన్ననివి. కాబట్టి ఇట్టి చెవికి అచ్చులు చక్కగా వినబడును, హల్లులు చెదరిపోవును. ఎవరో మాటలాడుచున్నారని తెలియును, ఏమనుచున్నారో తెలియదు. కప్పు, పప్పు అను రెండు మాటలును ఆ చెవికి ఇంచుమించు ఒక్కటే. కప్పు తెమ్మన్నచో పప్పు తెచ్చిన పెద్దలను చూచి నవ్వని యిల్లు ఎక్కడనైన కలదా?

మనము బిగ్గరగా అఱచినప్పుడు పెరుగునవి అచ్చులే. అవి వారికి ముందే వినబడుచున్నవి. కావలసిన హల్లులు పెరుగవు, పైగా మన ముఖము కోపపు ముఖమగును. అరిగిన చెవికి మెల్లని ధ్వని వినబడకున్నను పెద్ద ధ్వని బాధ కలిగించును. “ఎందుకట్లు అఱచెదవు, నాకేమి చెవుడా?” అని వారు కసరుకొనుటలో వింత లేదు.

ఆ సోదరి తండ్రిగారి విషయములో వయసొక్కటియే కారణము కాకపోవచ్చును. 85 డెసిబెళ్లకు మించిన చప్పుడులో దినమునకు 8 గంటల చొప్పున ఏండ్ల తరబడి నిలిచినవారికి ఈ రోమకణములు ముందుగానే నశించును. ఇనుముపై ఇనుము మ్రోగు కార్ఖానాలలో పనిచేసిన పాత తరమువారిలో చెవులకు కాపుదల పెట్టుకొన్నవారు అరుదు. ఆ చప్పుడులో సంపాదించిన జీతముతోనే బిడ్డల చదువులు, పెండ్లిండ్లు జరిగినవి. వైద్యుని యొద్దకు పిలుచునప్పుడు ఈ సంగతి గౌరవముతో జ్ఞాపకము చేయవచ్చును. “వయసైనది” అనుటకన్న “మీ పనివలన వచ్చినదేమో చూపింతము” అనుట వినుటకు తేడాగా నుండును.

ఇక మా యింటి సంగతి. మా యమ్మకు అప్పటికి 71 ఏండ్లు. నాయనగారు పోయిన పిమ్మట పద్మారావునగరులో మాతోడనే యున్నది. ఆషాఢపు బోనాలలో ఉజ్జయినీ మహంకాళి జాతరకు పోయినప్పుడు డప్పుల మ్రోత ఆమెకు చక్కగా వినబడెడిది. “చెవుడైనచో ఇది వినబడునా?” అని మమ్ములనే ప్రశ్నించెడిది. డప్పు మోటు ధ్వని యనియు, మనుమరాలి సన్నని గొంతు వేఱనియు మా కెవరికి తెలియును? మెల్లమెల్లగా పేరంటములకు పోవుట మానినది. మధ్యాహ్నపు భజనకు మోకాళ్లు నొప్పియని పోదు. ఫోను మ్రోగినచో మనుమరాలి చేతికిచ్చి తాను వంటయింటిలోనికి పోవును. వయసుతో వైరాగ్యము కలుగుచున్నదని మేము సంతోషించితిమి గూడ.

రాత్రి భోజనముల వేళ పిల్లలు ఏదో చెప్పి నవ్వెడివారు. అమ్మ “ఏమిటే?” అని యడుగును. నేను “ఏమీ లేదులే అమ్మా” అందును. మఱల మొదటినుండి చెప్పుటకు బద్ధకము. ఈ మాటను దినమునకు ఎన్ని సారులనెడిదాననో నాకే తెలియదు. కొన్నాళ్లకు ఆమె “ఏమిటే” యని యడుగుట మానినది. అందఱు నవ్వినప్పుడు తానును నవ్వెడిది. చెవిటివాని ముందు శంఖ మూదినచో “ఏమి కొఱుకుచున్నావు?” అని యడిగెనను సామెత మన మందఱమును చెప్పి నవ్వెదము. ఆ సామెతలోని వాడు పాపము ఎదుటివాని నోటివంక చూచినాడు, తెలియనిది అడిగినాడు. నవ్వించుకొనిన పిమ్మట రెండవసారి అడిగియుండడు.

అప్పటికే మా బీరువాలో ఒక వినికిడి యంత్రము పడియున్నది. విదేశమున నున్న మా తమ్ముడు సొమ్ము పంపగా ఊరిలోని ఒక అంగడిలో కొన్నాము. ఆ అంగడివాడు పరీక్షయైన చేయలేదు. అమ్మను అడుగలేదు, పుట్టినరోజు బహుమానమని తెచ్చి చెవిలో పెట్టితిమి. అది కీచుమని కూసినది. మూడు దినములు ఓర్చి, నాలుగవనాడు గంధపుపెట్టెలో పెట్టి తాళము వేసినది. నేను వార్తాపత్రికలలోని ప్రకటనలు కత్తిరించి ఆమె మంచముమీద పెట్టుచుంటిని, అత్తగారి చేత చెప్పించితిని, సాధించితిని. ఏమియు పనిచేయలేదు.

తరువాత జరిగినది వ్రాయుటకు ఇప్పటికిని నాకు సిగ్గుగా నున్నది. అమ్మకు రక్తపుపోటు మాత్రను వైద్యులు మార్చిరి. క్రొత్తది మొదలుపెట్టి పాతది మానవలెను. నేను పొయ్యివైపు తిరిగి, ప్రెషరు కుక్కరు ఈల వేయుచుండగా, వెనుకకు చూడకయే “పాత మాత్ర వేసుకోకు” అంటిని. అమ్మ తల యూపెను. మన తెలుగులో “వేసుకో” అనుటకును “వేసుకోకు” అనుటకును నడుమ నున్నది చివరి “కు” ఒక్కటే. ఆ “కు” ఆమెకు చేరలేదు. నాలుగు దినములు రెండు మాత్రలును వేసికొన్నది. అయిదవనాటి తెల్లవారుజామున మంచము దిగుచు కన్నులు చీకట్లు క్రమ్మి పడిపోయెను. కనుబొమ పగిలినది. కుట్లు వేయుచుండగా నేను అందఱి యెదుట “చెప్పిన మాట వినవు గదా!” అని యఱచితిని. “నీవు వేసుకొమ్మంటివి” అని మాత్రము అనెను.

ఆ రాత్రి ఆమె ప్రక్కన పండుకొని, దీపము ఆర్పక, ముఖములో ముఖము పెట్టి అడిగితిని: “వినబడుట లేదని ఎందుకు చెప్పవు?” చాలసేపటికి బదులు చెప్పినది. “చెవి పోయినదని ఒప్పుకొన్నచో మతియు పోయినదందురు. తరువాత బ్యాంకు పుస్తకము తీసికొందురు, బీరువా తాళములు తీసికొందురు. మా అత్తగారికి మేము చేసినది అదేగా.”

ఇంతకాలము నేను యంత్రమును గూర్చి వాదించుచుంటిని. ఆమె భయము తాళములను గూర్చి. ఇంటిలో పెద్దఱికము పోవునను భయముతో నున్నవారికి యంత్రపు గుణములు వర్ణించి యేమి ప్రయోజనము? పైగా “ఏమీ లేదులే” యని దినదినము చెప్పి, ఆ పెద్దఱికమును మాటలలో అప్పటికే తీసికొనుచున్నది నేనే.

అందుచే మరునాటినుండి యంత్రము ఊసెత్తుట మానితిమి. ముందు మా అలవాట్లు మార్చుకొంటిమి. ఇది వినుటకు సులభము, చేయుటకు కష్టము. అమ్మతో మాటలాడవలెనన్న ఆమె యున్న గదిలోనికే పోవలెను. ముందు “అమ్మా” యని పిలిచి ఆమె మా వంక చూచిన పిదపనే సంగతి చెప్పవలెను. వెలుతురు చెప్పువారి ముఖముమీద పడవలెను. కిటికీకి వీపుపెట్టి నిలిచినచో పెదవులు కనబడవు. టెలివిజను, మిక్సీ ఆపవలెను. అఱవక, కొంచెము నిదానముగా చెప్పవలెను. ఒకసారి తెలియకున్నచో అదే మాటను నాలుగుసారులు అనక వేఱు మాటలలో చెప్పవలెను. మందుల సంగతి, డబ్బు సంగతి కాగితముమీద వ్రాసి యీయవలెను, లేదా “ఏమి చేయుదువో నీవు చెప్పుము” అని తిరిగి చెప్పించుకొనవలెను. అన్నిటికన్న ముఖ్యముగా “ఏమీ లేదులే” యను మాట మా యింట నిషేధము. మా ఎనిమిదేండ్ల పిల్ల ఈ నియమమును నాకన్న గట్టిగా పాటించినది. నేను నోరు జాఱినప్పుడెల్ల నన్ను పట్టుకొనెడిది.

మూడు వారములకు అమ్మయే అడిగినది: “చిన్నది బడి సంగతులు చెప్పునప్పుడు సగము తెలియుట లేదు. దానికేమైన ఉపాయమున్నదా?” నేను “యంత్రము” అనలేదు. “మన మిద్దఱము పరీక్ష చేయించుకొందము, నాకును ఎడమ చెవి అనుమానముగా నున్నది” అంటిని.

మన సికింద్రాబాదులోనే బోయినపల్లి చేరువ మనోవికాస్ నగరులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థవారి ప్రాంతీయ కేంద్రము కలదు. ఈ సంస్థ 1983లో బొంబాయిలోని బాంద్రాలో స్థాపింపబడినది. అలీ యావర్ జంగుగారు మన హైదరాబాదువారే. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండి, 1976లో మహారాష్ట్ర గవర్నరు పదవిలో నుండగనే కాలధర్మము నొందిరి. చెవికి సంబంధించిన పరీక్షలు, వినికిడి యంత్రములు, మాట నేర్పుట ఈ సంస్థ పని. కోఠీలోని ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రియు, గాంధి ఆసుపత్రిలోని ఆ విభాగమును గూడ మనకు అందుబాటులో నున్నవి.

పరీక్షలో భయపడవలసినది లేదు. సూది లేదు, నొప్పి లేదు. ముందు వైద్యులు చెవి లోపల చూతురు. గుబిలి గట్టిపడి దారి మూసినచో దానిని తీసివేసినంతనే కొందఱికి వినబడును. యంత్రముతో పనియే లేదు. దానిని తలపిన్నులతో మీరు తీయబోకుడు. కర్ణభేరికి చిల్లి యున్నచో వెచ్చని నూనె పోయుటవలన మఱింత కీడు. తరువాత చప్పుడు చొరని గదిలో కూర్చుండబెట్టి చెవులకు తొడుగులు తగిలింతురు. సన్నగానో మోటుగానో ధ్వని వినబడినప్పుడెల్ల వ్రేలెత్తవలెను. ఆ లెక్క నంతయు ఒక పటముగా గీసి చూపుదురు. అమ్మ పటములో ఎడమవైపు గీత మెట్టమీద నడచి, కుడివైపున నూతిలోనికి దిగినట్లున్నది. నా పటము చూచి వారు నా యెడమ చెవికిని సన్నని ధ్వనులు కొంత తగ్గినవనిరి. అమ్మ పకపక నవ్వెను. “నేను చెప్పినది నీవు వినవని ఎప్పటినుండియో అనుచునే యున్నాను” అనెను. ఆ నవ్వుతో సగము పని యయినది.

తరువాతి సగము తేలిక కాదు, అది దాచుట తప్పు. యంత్రము క్రొత్త చెవి కాదు. కంటికి అద్దము పెట్టినంతనే కనబడునట్లు, చెవికి యంత్రము పెట్టినంతనే స్పష్టముగా వినబడదు. చాలకాలముగా సన్నని ధ్వనులు చేరని మెదడునకు అవి మఱల అలవాటు కావలెను. మొదటి దినము అమ్మకు తన గాజుల చప్పుడు, పోపు చిటపట, కాగితము గలగల అన్నియు గోలగా తోచినవి. “ఇంత రద్దీలో మీరెట్లు బ్రదుకుచున్నారే?” అనెను. ఇంటిలో ప్రశాంతముగా నున్నవేళ గంట రెండు గంటలతో మొదలుపెట్టి, క్రమముగా పెంచుకొని, పిమ్మట బయటికి పోవునప్పుడు పెట్టుకొనుట మంచిది. రెండు మూడు సారులు కేంద్రమునకు పోయి సరిచేయించితిమి. కీచుమని కూయుట చాలసారులు చెవిలో సరిగా కూర్చుండకపోవుటవలన, అది దిద్దదగినది. రెండు చెవులకును లోపమున్నచో సాధారణముగా రెండింటికిని పెట్టుటయే మేలు. పెండ్లి మందిరములో బ్యాండు మ్రోగుచుండగా మాట తెలియుట ఎంత ఖరీదైన యంత్రముతోనైనను కష్టమే. మా యమ్మ ఇప్పుడును పెండ్లిండ్లలో మూలగది వెదకుకొనును.

కనబడని చిన్న యంత్రమే కావలెనని పెద్దలు పట్టుపట్టుదురు. ఇంగ్లండులో హారియెట్ మార్టినో అను ప్రసిద్ధ రచయిత్రి యుండెడిది. చిన్ననాటినుండియు చెవి మందము. బూరవంటి గొట్టమును అందఱి యెదుట చెవికానించుకొని మంత్రులతోను పండితులతోను మాటలాడెడిది. తనవంటివారిని ఉద్దేశించి 1834లో ఒక బహిరంగలేఖయు ప్రకటించినది. ఆ గొట్టమువలన ఒక లాభము కలదు: దానిని చూచినవారు దగ్గఱకు వచ్చి తిన్నగా మాటలాడుదురు. నేటి యంత్రము పూర్తిగా దాగియుండుటచే ఎదుటివారు ఆ మర్యాద మఱచిపోవుదురు. దాచుకొనుటయో చూపుటయో పెద్దల యిష్టమునకే విడువుడు. వారి చెవి వారిది.

అమ్మ భయపడిన “మతి” విషయము గూడ చెప్పవలెను. 2020లో లాన్సెట్ వైద్యపత్రికవారి సంఘము, మతిమఱపు వ్యాధికి తోడ్పడు, మనము తగ్గించుకొనదగిన 12 కారణములలో వినికిడి లోపము నొకటిగా పేర్కొన్నది. 2024లో ఆ పట్టిక 14కు పెరిగినది, వినికిడి అందులో నిలిచియే యున్నది. అమెరికాలో 70 ఏండ్లు దాటినవారికి యంత్రములిచ్చి మూడేండ్లు పరిశీలించి 2023లో ఫలితము ప్రకటించిరి. అందఱను కలిపి చూచినప్పుడు తేడా కనబడలేదు. మతి తగ్గు అవకాశము ముందే హెచ్చుగానున్నవారిలో మాత్రము ఆ తగ్గుదల దాదాపు సగము నెమ్మదించినది. ఈ మాటతో పెద్దలను బెదరింపకుడు. చెవుడు మతిలేమి కాదని మీరు తెలిసికొనుటకే వ్రాసితిని.

ఒక్క విషయములో మాత్రము నచ్చజెప్పుచు కాలము గడుపరాదు. ఒక చెవి అకస్మాత్తుగా, ఒకటి రెండు దినములలో మూతపడినచో, లేదా చెవినుండి చీము, తల తిరుగుట కలిగినచో ఆనాడే వైద్యుని చూడవలెను. అకస్మాత్తుగా వచ్చిన చెవుడునకు మొదటి రెండు మూడు దినములలో చేయు చికిత్సయే బలమైనది.

ఖర్చు విషయము. యంత్రములు కొన్ని వేలనుండి లక్షలవఱకు కలవు. ఖరీదుకన్న పటమునకు సరిపడుటయే ముఖ్యము. ఆదాయము తక్కువగానుండి వైకల్య ధ్రువపత్రము కలవారికి కేంద్ర ప్రభుత్వపు ఆడిప్ పథకము కలదు. 60 ఏండ్లు దాటిన పేదవారికై 2017 ఏప్రిల్ 1న నెల్లూరు జిల్లాలో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజనలో చేతికఱ్ఱలు, కండ్లద్దములతోపాటు వినికిడి యంత్రములును చేరియున్నవి. ఇంటిలో పసిపిల్లలున్నచో యంత్రపు గుండీ బ్యాటరీలను వారికి అందనీయకుడు, మ్రింగినచో ప్రాణాపాయము.

లాలాగూడ సోదరీ, నీ తండ్రిగారికి రైల్వే వైద్యసదుపాయ మున్నచో మీ చేరువనే దక్షిణ మధ్య రైల్వేవారి ఆసుపత్రి కలదు, అక్కడ ప్రారంభింపవచ్చును. కాని రేపే పోదమనవద్దు. ఈ నెల మీ యింటివారు ముందు చెప్పిన అలవాట్లను పట్టుకొనుడు. వారితో కార్ఖానాలో పనిచేసినవారిలో యంత్రము పెట్టుకొన్నవారు ఒకరైనను ఉందురు. వారిని టీకి పిలువుము. కుమార్తె పది దినములు చెప్పినదానికన్న సుత్తిపట్టిన తోటివాడు ఒక గంటలో చెప్పినది వారి మనసున నాటును. వారు ఏది వినలేక బాధపడుచున్నారో, అది మనుమల మాటయా, కీర్తనయా, స్నేహితుల ముచ్చటయా, దానిని వారి నోటనే రానిమ్ము. “వద్దు” అన్నచో ఎందుకు వద్దో అడిగి, బదులు వచ్చువఱకు కూర్చుండుము. మఱల జాబు వ్రాయునప్పుడు వారేమనిరో వారి మాటలలోనే వ్రాయుము.